పెట్టె ఖాళీగా వెళ్ళకూడదు

మనుషులను చూసి కుళ్ళుకోవడం అందరూ చేసే పనే. ఆ విద్యలో నేను ఎవరికీ తీసిపోను. కానీ రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో కొన్నేళ్ళ పాటు నేను ఒక దేశపు మట్టిని చూసి కుళ్ళుకున్నాను. ఆ మాట చెబితే మా అమ్మ చేతిలో చాట పక్కన పెట్టి నా మొహంలోకి చూసింది. "మట్టి మీద ఏడుపేటే? నీకు గానీ మతి పోనాదేటి?" అంది. మతి బాగానే ఉంది. ఆ ఫోటో చూడకపోతే మనసు కూడా బాగానే ఉండేది.

అరకు పోస్టాఫీసు సందులో అప్పుడే ఒక ఇంటర్నెట్ సెంటర్ పెట్టారు. అక్కడ ఫోటో అంటే తెర మీద పైనుంచి కిందికి గీత గీతగా దిగేది. ముందు బూడిద రంగు ఆకాశం వచ్చింది. తర్వాత ఎర్ర రంగు వేసిన చెక్క గది, ఆ గది నుంచి పొలంలోకి పరిచిన చెక్క బాట. ఆ తర్వాత ఒక కాలువ. కాలువలో ఒక మనిషి నిలబడి ఉన్నాడు, పైకి అతని టోపీ మాత్రమే కనిపిస్తోంది. మిగతా మనిషంతా నల్లటి ఊబి నేల లోపల ఉన్నాడు. కింద ఇంకా చాలా లోతుందని రాసింది ఆ ఫోటో పంపినావిడ. నేను పనిచేసే ఊబి నేలలో చేయి పెడితే మోచేతి దాకా దిగేది, ఆ తర్వాత ఎర్రమట్టీ రాయీ తగిలేవి. సెంటర్ వాడికి డబ్బులిచ్చి బయటికి వచ్చి ఎండలో నిలబడ్డాను. నా నేల నాకు ఆ రోజు మొదటిసారి బీదగా కనిపించింది.

మా పనేమిటో చెప్పాలి. ఆకూ అలమూ, గడ్డీ గాదమూ నీళ్ళలో పడి, గాలి తగలక కుళ్ళీ కుళ్ళకుండా తరాల తరబడి పేరుకుంటే నల్లటి మెత్తటి నేల అవుతుంది. మట్టి అనడానికి లేదు, సగం చచ్చిన ఆకు అది. అలాంటి చోట కాలువ తవ్వి నీళ్ళు లాగేస్తే గాలి లోపలికి దిగుతుంది. ఇన్నాళ్ళూ ఆగి ఉన్న కుళ్ళు అప్పుడు మొదలవుతుంది. అందులోంచి నత్రజని విడివడి, కొంత నైట్రస్ ఆక్సైడ్ అనే వాయువై పైకి లేస్తుంది. పళ్ళ డాక్టర్లు మత్తుకి వాడే నవ్వు గ్యాసు అదే. ఆకాశంలోకి వెళ్ళాక మాత్రం నవ్వులాట కాదు, భూమిని వేడెక్కించడంలో దానికి చాలా సత్తా ఉంది.

ఆరబెట్టిన ఇలాంటి నేలల నుంచి ఏ దేశంలో ఎంత లేస్తోందో పోల్చి చూడాలని మూడు దేశాల వాళ్ళు కలిశారు. ఒకటి ఫోటోలోని చలి దేశం. ఇంకొకటి సముద్రం మధ్యలో ఉన్న దీవుల దేశం, అక్కడ అడవి నరికి, ఊబి నేలని ఆరబెట్టి, పామాయిలు నూనె చెట్లు నాటారు. మూడోది మాది. విశాఖపట్నంలో ఒక కాలేజీ లేబరేటరీలో ఉండే మా సారు ఈ పనికి పెద్ద. కొండ మీద పెట్టెలు పెట్టి గాలి పట్టి పంపేదాన్ని నేను. మా నాన్నది అరకు సంత వీధిలో కిరాణా కొట్టు, విజయనగరం దగ్గర నుంచి వచ్చి స్థిరపడ్డ వాళ్ళం. ఎమ్మెస్సీ చదివి ఇంట్లో ఉన్న నాకు ఆ ఉద్యోగం కొట్టులోంచి బయటపడే దారి.

ఒక దేశం తన నేలని కొలుచుకోకపోతే, ఇంత వాయువు వదులుతోందన్న అంకె దానికి లేకుండా పోదు. అలాంటి ఎండా వానా ఉన్న మరో దేశపు అంకె తెచ్చి పట్టికలో దాని పేరు పక్కన రాసేస్తారు. మా నేల మరీ చిన్న తునక అనీ, గాలి మరీ తక్కువ వస్తోందనీ, పట్టికలోంచి తీసేసి దీవుల దేశపు అంకే మాకూ రాస్తే సరిపోతుందనీ మొదటి ఏడాది చివర్లోనే ఒక మాట వచ్చింది. అది విన్న రోజు నాకు ఒళ్ళు మండిపోయింది. రోజూ నా కాళ్ళకి అంటుకునే బురదకి ఎవరో, నేను ఎన్నడూ చూడని నూనె తోటల అంకె తగిలిస్తారట. మా నేల ఆ పట్టికలో తన అంకెతో తాను నిలబడాలి, నాకు కావలసింది అదొక్కటే.

ఆ నేల అరకుకీ బొర్రాకీ మధ్య, జీపు దిగి గెడ్డ అనే చిన్న వాగు వెంట కిందికి నడిస్తే వస్తుంది. గట్టు మీద పసుపు పూల వలిసెలు, కింద గెడ్డ వారగా రాజ్‌మా చిక్కుళ్ళూ క్యాబేజీ. కాలువ తవ్వి ఆరబెట్టిన ఆ పొలం ఒక కొండ రైతు కుటుంబానిది. భర్త పైన కాఫీ తోటల్లో పనిలో ఉండేవాడు, పొలమంతా భార్య చేతి మీద నడిచేది. నాకంటే బాగా పెద్దది. నిప్పు వైపు నోట్లో పెట్టుకునే అడ్డపొగ చుట్ట, చెవుల నిండా పోగులు, ఎవరు వచ్చినా ముందు ఎగాదిగా చూసే చూపు. మొదటి రోజు నన్ను అలాగే చూసి, "సావుకారు గుంటవి కాదేటి నువ్వు?" అంది. కొండ మీద ఆ మాటకి అర్థం నాకు తెలుసు. మా నాన్న తక్కెడని ఆవిడ ఎప్పుడూ నమ్మలేదు. అందుకని నేను రెండో రోజు నుంచే ఆవిడని "అప్పా" అని పిలవడం మొదలుపెట్టాను. మా వైపు అక్కని అలా పిలుస్తారు. కావాలని, పట్టుబట్టి పిలిచాను. మెల్లగా ఆవిడ కూడా పలకడం మొదలుపెట్టింది.

పని చూసేవాళ్ళకి వింతగా ఉండేది. నేలలో కొన్ని రింగులు పాతి ఉంచాం. వాటి మీద తెల్ల పెట్టెలు బోర్లించి, అంచున నీళ్ళు పోసి గాలి జొరకుండా చేసి, పైనున్న రబ్బరు మూతలోంచి సిరంజితో గాలి లాగి సీసాల్లో పట్టాలి. కాసేపు ఆగి మళ్ళీ లాగాలి. సంత మర్నాడు ఈ కొలత. సీసాలు మధ్యాహ్నం విశాఖ దిగే పాసింజరులో సారుకి వెళ్ళిపోయేవి. పెట్టెలు చలి దేశం నుంచి వచ్చాయి, పని అయ్యాక మళ్ళీ అక్కడికే వెళ్ళాలి. అందుకని అప్ప వాటిని తన ఇంటి అటక మీద పెట్టి కాపాడేది. పొలం చుట్టూ ముళ్ళ కంచె వేయించాను. పశువులు వస్తే మూత్రం పోసి పోతాయని నేను కేకలు పెట్టేదాన్ని. "ఆవుల్ని రానీయకప్పా, పంచితం పడితే గాలి ఎక్కువొచ్చేస్తాది, లెక్క పాడైపోతాది" అని ఎన్నిసార్లు చెప్పానో.

"నవ్వు గాలి అన్నావు. పెట్టె తీసినప్పుడల్లా నీ మొకం సూత్తే ఏడుపు గాలి లాగుంది," అనేది అప్ప.

మధ్యాహ్నం అమ్మ కట్టిచ్చిన టిఫిన్ డబ్బా ఇద్దరం తినేవాళ్ళం. పులిహోర అంటే అప్పకి ప్రాణం. తిన్నాక డబ్బాని గెడ్డలో తోమి, నీళ్ళు విదిలించి, ఖాళీగా నా చేతిలో పెట్టేది. సాయంత్రం అమ్మ మూత తీసి చూసి మూతి తిప్పేది. "అన్ని సిక్కుళ్ళు పండిత్తాది, గుప్పెడు గింజలు ఏసి పంపదేటే?" అనేది. నేను అప్పని వెనకేసుకొచ్చేదాన్ని. అప్పట్లో ఆ డబ్బా సంగతి నా మనసులో లేదు.

మూడు దేశాల గీతలూ ఒకే కాగితం మీద గీసి సారు పంపించేవారు. దీవుల దేశపు గీత కొండలు ఎక్కి దిగేది. చలి దేశపు గీత మంచు కరిగే రోజుల్లో ఒక్కసారి ఎగిసి, తర్వాత నెమ్మదిగా దిగేది. మా గీత కాగితం అడుగున పాకుతూ ఉండేది. లోకాన్ని పాడుచేసే వాయువు తక్కువ వస్తే సంతోషించాలని నాకు తెలియదా? తెలుసు. ఆ మాట సారు కూడా అన్నారు. "మన నేల మంచిదమ్మా, తక్కువ వదులుతోంది," అన్నారు. నాకు మంచి నేల అక్కర్లేదు. ఫోటో పంపిన ఆ చలి దేశపు ఆవిడ గీత పక్కన తలెత్తుకుని నిలబడే నేల కావాలి. ఆవిడది నా వయసే. నాలాగే ఆవిడా పెట్టెలు బోర్లించేది. కానీ ఆవిడకి బురద అంటకుండా చెక్క బాట ఉంది, వెచ్చగా కూర్చోడానికి ఎర్ర గది ఉంది, మనిషి లోతు నేల ఉంది. నాకు జలగలున్నాయి.

అలాంటి ఆవిడ మా నేల చూడ్డానికి వచ్చింది.

వలిసెలు పూసి కొండంతా పచ్చగా మెరిసే రోజులు. పొద్దుటి పాసింజరులో, టైడా స్టేషను దాటాక వచ్చే సొరంగాలన్నీ తలుపు దగ్గర నిలబడి చూసుకుంటూ వచ్చిందట. దిగగానే నవ్వింది. నాకు ఆ నవ్వే నచ్చలేదు. పొలంలోకి వెళ్ళగానే చెప్పులు విప్పి బురదలోకి దిగి, గుప్పెడు నల్లమట్టి తీసి వాసన చూసి, "మా ఊరి వాసనే," అంది. నేను ఆ మాటని తెలుగులో చెప్పగానే అప్ప మొహం విచ్చుకుంది. అప్ప నన్ను నవ్వుతూ చూడ్డానికి ఎన్ని నెలలు పట్టిందో నాకు గుర్తుంది. ఈవిడకి ఒక్క పూట చాలింది.

ఆవిడ ఉన్న కొద్ది రోజులూ నేను నోరు అద్దెకిచ్చినట్టు అటు మాట ఇటూ, ఇటు మాట అటూ చెబుతూ తిరిగాను. ఇద్దరూ నన్ను మధ్యలో కూర్చోబెట్టుకుని ఒకరినొకరు చూసుకుంటూ మాట్లాడుకునేవారు. మీ దగ్గర ఆవులు ఏటి తింటాయి, మీ అమ్మ ఉందా, చలికి ఏటి కప్పుకుంటారు. ఆవిడ అప్పకి ఒక బిస్కెట్ల రేకు డబ్బా తెచ్చింది. వెళ్ళే రోజు దగ్గరపడ్డాక అప్ప ఆ డబ్బాని కడిగి, ఆరబెట్టి, అంచుల దాకా రాజ్‌మా గింజలు నింపి ఇచ్చింది. "డబ్బా కాలీగా పంపితే మా ఇంటికి పరువేటి?" అంది. కొండ మీద ఏ ఇంటి గిన్నె వచ్చినా అంతే, ఉప్పు రాయైనా వేసి పంపుతారు. అది నాకు కొత్త సంగతి కాదు. కానీ ఆ క్షణాన నా టిఫిన్ డబ్బా గుర్తొచ్చింది. ఇన్నేళ్ళ పులిహోరలు గుర్తొచ్చాయి.

అంతటితో అయిపోతే బావుండేది. మర్నాడు అప్ప ఆవిడతో నేస్తం కట్టింది.

నేస్తం కట్టడమంటే ఉత్త స్నేహం కాదు. పంచలో చాప వేసి ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టారు. పసుపు బియ్యం ఒకరి దోసిట్లోంచి ఒకరి దోసిట్లోకి పోసుకున్నారు. కొత్త గుడ్డలు ఇచ్చిపుచ్చుకున్నారు, ఆవిడ తన మెడలోని ఉన్ని గుడ్డ తీసి ఇచ్చింది. ఒకే విస్తరిలో తిన్నారు. ఇక అక్కడి నుంచి ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోకూడదు, "నేస్తం" అనే పిలుచుకోవాలి. ఒకరింట మంచికీ చెడ్డకీ రెండో వాళ్ళు పెట్టుపోతలు పంపాలి. బతికినంత కాలం అంతే. ఇదంతా ఆవిడకి వివరంగా చెప్పింది ఎవరు? నేనే. చెబుతుంటే నా గొంతు నాకే పరాయిదిలా వినిపించింది. ఆవిడ కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని "నేస్తం" అని పలికింది, "స" ని ఒత్తి. అప్ప పకపకా నవ్వింది. నేను విస్తళ్ళు తీసే వంకన దొడ్లోకి పోయాను.

నాతో ఎందుకు కట్టలేదు? ఆలోచించడానికి పెద్దగా ఏమీ లేదు. షావుకారు కూతుర్ని. ఎంత "అప్పా" అని పిలిచినా తక్కెడ తక్కెడే.

వెళ్ళే ముందు ఆవిడ మా గీత ఉన్న కాగితం పొలంలోనే విప్పి చూసి, తల ఆడించి, "ఈ పెట్టెల్లో దాదాపు ఏమీ ఉండడం లేదు," అంది. ఆవిడ గొంతులో దిగులే ఉంది, ఎత్తిపొడుపు లేదు. మా నేలని పట్టికలోంచి తీసేస్తారేమోనని ఆవిడకీ బాధ. అప్ప నా మోచేయి పట్టుకుని, "ఏటంటంది నేస్తం?" అంది. "తన పెట్టెలు మన దగ్గర కాలీగా ఉంటన్నాయంట," అని చెప్పాను. అప్ప వంగి ఒక పెట్టెని తట్టి చూసింది.

ఆ తర్వాతి కొలతలోనే మార్పు మొదలైంది. సారు కొట్టుకి ఫోన్ చేశారు. నాన్న ఉల్లిపాయలు తూస్తూ రిసీవర్ నాకందించారు. "మన నేల నిద్ర లేచిందమ్మా," అన్నారు సారు. ఆ తర్వాతి సారి ఇంకా పెరిగింది. కాగితం అడుగున పాకే మా గీత లేచి నిలబడింది, చలి దేశపు గీతని దాటింది, దీవుల దేశపు గీతని కూడా తాకింది. వాన ఆగి నేల ఆరుతున్నందుకు అయి ఉంటుందని సారు ఒక కారణం చెప్పారు, నేను ఇంకో రెండు కారణాలు కలిపాను. నిజానికి కారణం ఏదైనా నాకు అక్కర్లేదు. ఆ రోజు నాన్న కొట్టులో అమ్మకపు బెల్లం తీసి అందరికీ పంచాను. నాన్న తిట్టారు.

చలి దేశపు ఆవిడకి నేనే రాశాను, కాస్త పొగరుగానే. ఆవిడ అభినందిస్తూ జవాబిచ్చింది, కింద ఒక్క వాక్యం అడిగింది. రింగుల దగ్గర ఏదైనా మారిందా, ఒకసారి చూస్తావా అని. ఆ వాక్యం చదివి నేను నవ్వుకున్నాను. కుళ్ళు, అనుకున్నాను. ఇన్నాళ్ళకి నీ వంతు వచ్చింది అనుకున్నాను. ఆ ఆనందం ఎలా ఉంటుందో చెప్పలేను, చన్నీళ్ళ స్నానం చేసినంత హాయిగా ఉంది.

అది ఎంతో కాలం నిలవలేదు. టైడా దగ్గర పట్టాల మీద బండలు పడ్డాయని, సంత మర్నాడు పాసింజరు నడవదని తెలిసింది. సీసాలు ముందు రోజే పంపాలి. అందుకని సంత రోజు పొద్దున్నే, అప్పకి చెప్పకుండా జీపెక్కాను. గెడ్డ మలుపు తిరిగేసరికి కంచె లోపల అప్ప కనిపించింది. సంతకి కట్టుకునే మంచి చీర కట్టుకుని, చంకలో కుండ పెట్టుకుని, ఒక్కో రింగు దగ్గరా వంగి ఏదో పోస్తోంది. చుట్టం వచ్చినప్పుడు మజ్జిగ పోసినంత పొందిగ్గా పోస్తోంది. దగ్గరికి వెళ్తే వాసన కొట్టింది. పేడనీళ్ళు కలిపిన ఆవు పంచితం.

"అప్పా, ఏటి సేత్తన్నావు?"

అప్ప తడబడలేదు. "సంత రోజున ఒచ్చినావేటి?" అంది. మిగిలింది కూడా చివరి రింగులో పోసి నడుం నిలబెట్టింది.

"ఎన్నాళ్ళ నుంచి పోత్తన్నావు?"

"నేస్తం ఎల్లినకాడి నుంచి. ఆవిడ పెట్టెలు కాదేటి ఇవి? ఆవిడ ఊర్నించి ఒచ్చినాయి, మళ్ళీ ఆవిడికాడికే ఎల్తాయి. కాలీగా ఉంటన్నాయని నువ్వే సెప్పినావు. నేస్తం ఇంటికి కాలీ గిన్నె పంపుతారేటి ఎక్కడైనా?"

"పంచితం పొయ్యాలని నీకెవలు సెప్పినారు?"

"నువ్వే. పంచితం పడితే గాలి ఎక్కువొస్తాదని రోజూ అరిసేదానివి కాదేటి?"

నెలల తరబడి పట్టిన గాలంతా అప్ప కొట్టంలోని ఆవులది. ఆ గీత నేలది కాదు. ఇలాంటప్పుడు చదువుకున్నదానికి ముందు లెక్క పాడైందన్న బాధ కలగాలి. నాకు కలగలేదు. నాకు కలిగింది ఒక్కటే. ఈ మనిషి సంత చీర కట్టుకుని, వంగి వంగి, ఒక్క రింగు కూడా వదలకుండా ఇంత చేసింది, అది ఆవిడ కోసం. నా మొహం ఏడుపు మొహంలా ఉందని ఇన్నాళ్ళూ నవ్వింది, ఒక్కనాడు నా కోసం చెంబెడు పోయలేదు.

చెప్పకుండా ఊరుకోవచ్చు. అప్పని మానమని, కారణం వాన మీద నెట్టేసి, గెలిచిన గీతని అలాగే ఉంచేయవచ్చు. ఆ సాయంత్రమంతా అదే ఆలోచించాను. కానీ ఆ గీత నాది కాదు. అప్ప తన నేస్తానికి పంపిన సారె అది. ఆవిడ సారెని నేనెందుకు నెత్తిన మోయాలి? మర్నాడు ఉన్నదున్నట్టు సారుకీ చలి దేశపు ఆవిడకీ రాసేశాను. నా నిజాయితీని సారు ఎంతో మెచ్చుకున్నారు. ఆ మాట నేను కాదనలేదు. అది ఉక్రోషమని ఆయనకి తెలియాల్సిన పని లేదు.

చలి దేశపు ఆవిడ జవాబు పొడుగ్గా వచ్చింది. చదివి నవ్విందట, తర్వాత ఏడ్చిందట. ఆ నెలల కొలతలు పట్టికలోంచి తీసేద్దాం, కలుషితమయ్యాయని రాద్దాం అంది. తన నేస్తానికి ముద్దులు చెప్పమంది. చెప్పలేదు. ఆ జవాబు మళ్ళీ మళ్ళీ చదువుతుంటే "కలుషితం" అన్న మాట దగ్గర నా కన్ను ఆగింది. ఆవిడ పంపిన పాత ఫోటోలు తెరిపించాను. ఒకదాంట్లో పచ్చగడ్డి మీద ట్రాక్టరు, వెనక పెద్ద ట్యాంకు, అందులోంచి పేడనీళ్ళు చిమ్ముతున్నాయి. అదే ఊబి నేల మీద.

వెంటనే అడిగాను. మీ అంకెలో ఆ పేడ ఉందా? ఉంది, అది ఇక్కడి సేద్యపు పద్ధతి, అని జవాబొచ్చింది.

నాకు తల నుంచి కాళ్ళ దాకా మండింది. వాళ్ళ ఆవు వదిలితే పద్ధతి, మా ఆవు వదిలితే కలుషితం. కోతలయ్యాక ఈ కొండ మీద పశువులన్నిటినీ పొలాల్లోకి వదిలేస్తారు. అవి తిరిగి తిరిగి నేలని బలపరుస్తాయి, ఇక్కడి పద్ధతి అది. దాన్ని కంచె వేసి బయటికి తోలింది ఎవరు? మేమే. ఆవులున్న వాళ్ళ పొలాన్ని ఆవులు లేని మా పొలంతో పోల్చి, మా గీత చిన్నదని నేను ఇన్నాళ్ళూ ఏడ్చాను. ఇంత పొడుగు ఉత్తరం నేను జన్మలో రాయలేదు. రెండు నెలలు ఇటూ అటూ వాదులాడుకున్నాం. చివరికి సారు నా పక్షాన నిలిచారు, ఆవిడ కూడా ఒప్పుకుంది. ఒప్పుకోవడంలో కూడా ఆవిడ ఎంత పెద్దమనిషిగా ప్రవర్తించిందంటే నాకు అది కూడా చూసి కుళ్ళే వచ్చింది.

కంచె తీసేశాం. పశువులు ఎక్కడ తిరిగితే అక్కడే, వాటి ఇష్టం, మేము కొలవాల్సింది కొలిచాం. మా గీత పెరిగింది, కానీ చలి దేశాన్ని దాటలేదు. ఒక రింగులో బోలెడు, పక్క రింగులో ఏమీ లేదు. పట్టికలో మా దేశానికి మా అంకే వచ్చింది, పక్కన గీసిన పటంలో ఒక చుక్కగా. వాళ్ళ చుక్కలకంటే కింద, పైకీ కిందికీ పొడుగ్గా సాగిన గీతతో, ఖచ్చితంగా చెప్పలేమని ఒప్పుకుంటూ. అయినా అది మా చుక్కే.

కంచె తీసిన రోజు గురించి చెప్పాలి. ముళ్ళకంపలు లాగి గట్టు మీద పడేసి అప్పా నేనూ తినడానికి కూర్చున్నాం. ఆవులు మెల్లగా లోపలికి వస్తున్నాయి. ఆ రోజూ పులిహోరే. అప్ప మెడలో ఆవిడిచ్చిన ఉన్ని గుడ్డ ఉంది, ఎండలో కూడా తీయలేదు. అది చూస్తూ చూస్తూ అడిగేశాను.

"ఇన్నేళ్ళయింది కదప్పా. నాతో నేస్తం ఎందుకు కట్టలేదు? సావుకారు గుంటననా?"

అప్ప తినడం ఆపి నన్ను ఎగాదిగా చూసింది, మొదటి రోజు చూసినట్టు. "నన్ను ఏటని పిలుత్తావు నువ్వు?"

"అప్పా అని."

"అప్పా అని పిలిసినదానితో నేస్తమేటి కడతారు? పైవోల్లతో కడతారు గానీ. ఇంట్లోవోల్లు ఇంట్లోవోల్లతో కట్టుకుంటే ఊరు నవ్వదేటి?"

నేను ఊరుకోలేదు. కుళ్ళు అంత తొందరగా పోయేది కాదు. "మరి ఆవిడ డబ్బా నిండా రాజ్‌మా పోసినావు. నా డబ్బా ఒక్కరోజైనా..."

"నీ డబ్బాకేటి? తిన్నాం, కడిగినాం. నా ఇంట్లో గిన్నెలు కడిగి బోర్లించేటప్పుడు రోజూ వాట్లో గింజలు పోత్తానేటి? బేగి తిను, ఆవులు అటెల్లిపోతన్నాయి."

నేను తల దించుకుని తిన్నాను. పులిహోరలో పల్లీ ఏదో గట్టిగా తగిలింది, దాన్ని చాలాసేపు నమిలాను. అప్ప డబ్బా అందుకుని గెడ్డలోకి దిగి, ఇసకతో తోమి, నీళ్ళు విదిలించి, నా చేతిలో పెట్టింది.

జీపులో తిరిగొస్తుంటే ప్రతి మలుపు దగ్గరా డబ్బాలో చెంచా గలగలలాడింది. ఇంటికి రాగానే అమ్మ అలవాటుగా మూత తీసి చూసింది.

"ఇయ్యాల కూడా కాలీయేనా?" అంది.

"కాలీయే," అన్నాను. నా గొంతులో ఏం వినిపించిందో గానీ, అమ్మ ఆ రోజు మూతి తిప్పలేదు.